కథ చెప్పేది ‘నేను’ అయితే మేలా, ‘తను’ అయితే మేలా?

సంఘటన ఏదో, పాత్రలు ఎవరో తేలిన తరవాత కూడా కథ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నదంటే, దాన్ని ఎవరు చెప్పాలన్నది ఇంకా తేలలేదన్నమాట. ఉత్తమ పురుషలో ‘నేను’ అని ఒక పాత్ర చేత చెప్పించాలా, ప్రథమ పురుషలో ఉంటూ ఒక పాత్ర వెన్నంటి నడవాలా? (మధ్యమ పురుషలో ‘నువ్వు’ అంటూ సాగే కథలూ ఉన్నాయి గాని, నాలుగు పేజీలు దాటేసరికి అవి చదువరిని నిలదీస్తున్నట్టు అనిపిస్తాయి కనుక వాటిని పక్కన పెడుతున్నాను.) ఈ విషయంలో మనకు అందే సలహాలు ఎక్కువగా ఇంగ్లీషు కథను చూసి చెప్పినవి. తెలుగు క్రియకూ సర్వనామానికీ ఉన్న గుణాలను లెక్కలోకి తీసుకుంటే తూకం కొంత మారుతుంది.

ఒక చిన్న సన్నివేశం తీసుకుందాం. అప్పు తీర్చడానికి ఎద్దుల జతను సంతలో అమ్మి ఒక రైతు ఇంటికి వస్తాడు. కొడుకు చెబితే ఇలా ఉంటుంది: “నాన్న పలుపుతాళ్ళు భుజాన వేసుకొని ఒక్కడే వచ్చాడు. ఎద్దులేవని అడగబోయి అమ్మ ముఖం చూసి ఊరుకున్నాను.” తండ్రి వెన్నంటి చెబితే ఇలా ఉంటుంది: “కొన్నవాడు తాళ్ళతో సహా కావాలని పట్టుబట్టాడు. ఇంకో వంద తగ్గించుకోమన్నాడు గాని తాళ్ళు మాత్రం తను ఇవ్వనన్నాడు వెంకటయ్య.”

మొదటి పద్ధతి బలమంతా కొడుకుకు తెలియనిదానిలో ఉంది. రెండో పద్ధతి బలం చివరి వాక్యంలో ఉంది. అక్కడ కర్త ‘తను’, అంటే ప్రథమ పురుష; క్రియ ‘ఇవ్వను’, అంటే ఉత్తమ పురుష. ‘తను ఇవ్వడన్నాడు’ అంటే ఆ ఇవ్వనివాడు మరెవరో అయిపోతాడు. మనిషిని బయటినుంచి చూపిస్తూనే అతని నోటి మాటను అతని క్రియతోనే వినిపించే ఈ సౌకర్యం మనం రోజూ వాడేదే అయినా, కథకుడి చేతిలో అది పెద్ద పనిముట్టు. ఉత్తమ పురుషకు మాత్రమే ఉందనుకునే దగ్గరితనంలో సగం ‘తను’కే ఉంది. పాత్ర ఆలోచన రాసిన ప్రతిచోటా ‘అని అనుకున్నాడు’ అని తగిలించే అలవాటు మానుకుంటే మిగిలిన సగంలో కూడా చాలా భాగం దక్కుతుంది. “తాళ్ళెందుకు తెచ్చినట్టు? ఇంట్లో కట్టడానికి ఏముందని?” అని రాసి ఊరుకుంటే, అది వెంకటయ్య మనసేనని ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు.

అయితే ప్రథమ పురుషలో తెలుగు కథకుడికి ఒక చిక్కు ఉంది. వెంకటయ్య ‘వచ్చాడా’, ‘వచ్చారా’? అతనా, ఆయనా, వాడా? స్త్రీ పాత్ర అయితే చిక్కు ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ఏకవచనంలో ఆమెకూ ఆవుకూ క్రియ ఒకటే, రెండూ ‘వచ్చింది’. మర్యాద భారమంతా ఆమె, ఆవిడ, అది అనే సర్వనామాల మీద పడుతుంది. భూస్వామి భార్యను ‘ఆవిడ’ అనీ, ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషిని ‘అది’ అనీ కథకుడు రాస్తే, ఆ చిన్నచూపు ఏ పాత్రదో కాదు, రచయితదే అవుతుంది. అదే తేడాను ‘నేను’ అనే పాత్ర చూపితే, అది ఆ పాత్ర స్వభావానికి సాక్ష్యంగా నిలుస్తుంది, కథకు పనికొస్తుంది. రాసినదాన్ని తిరగేసేటప్పుడు సర్వనామాలను మాత్రమే వెతుకుతూ ఒకసారి చదవడం మంచిదని నా అభిప్రాయం.

‘నేను’కు మరో విచిత్రం ఉంది. ‘వచ్చాను’ అన్నది ఆడమనిషో మగమనిషో క్రియ చెప్పదు. చదువరి తనకు తోచినట్టు ఊహించుకొని, రెండో పేజీలో అది తప్పని తెలిసి చిరాకుపడతాడు. మొదటి పేరాలోనే ఎవరిచేతనైనా “ఏమే” అనో “ఒరేయ్” అనో పిలిపిస్తే ఆ ముడి విడిపోతుంది.

ఉత్తమ పురుషకు ఎదురులేని చోట్లు నాకు రెండు కనిపిస్తాయి. ఒకటి మాండలికం. ప్రథమ పురుషలో సంభాషణ చిత్తూరు యాసలోనూ కథనం పత్రికల తెలుగులోనూ నడిస్తే అతుకు కనిపిస్తుంది. ‘నేను’ చెప్పే కథలో ఆ అతుకే ఉండదు. రెండోది, చెప్పేవాడికి తన సంగతి తనకే తెలియని కథ. 1924లో మొదటి భాగం వెలువడిన ‘బారిష్టర్ పార్వతీశం’ను పార్వతీశమే చెబుతాడు, అతను గంభీరంగా చెప్పుకుపోతుంటే మనం నవ్వుతాం. ఆ మాటలే మరొక కథకుడు చెప్పి ఉంటే అది వెక్కిరింత అయ్యేది.

దాచవలసినది ఉన్న కథకు మాత్రం ప్రథమ పురుషే నయం. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’లో గోపాలరావుకు తెలిసినంతే మనకూ తెలుస్తుంది కనుక, భార్య మంచం కింద ఉందన్న సంగతి చివరిదాకా నిలిచింది. కమలిని చేత ‘నేను’ అని చెప్పించి ఉంటే, ఆమె మనతో దాగుడుమూతలు ఆడవలసి వచ్చేది, మోసపోయామని మనకు కోపం వచ్చేది.

ఎద్దుల కథను నేను మొదట కొడుకు చేతనే చెప్పించాను. తాళ్ళ బేరం సంతలో జరిగింది, కొడుకు ఇంట్లో ఉన్నాడు. ఆ ముక్క కథలోకి రావడానికి, చాలా ఏళ్ళ తరవాత బాబాయి చెప్పాడని ఒక పేరా కల్పించవలసి వచ్చింది. తలుపు చాటున విన్నాను, ఎవరో తరవాత చెప్పారు అనే సాకులు రెండోసారి అవసరమయ్యాయంటే ‘నేను’ తప్పు మనిషికి దక్కిందని లెక్క. బాబాయిని తీసేసి, కథను వెంకటయ్య వెన్నంటి సంత నుంచే మొదలుపెట్టాను. కొడుకుకు ఇప్పుడు ఒక్క వాక్యమే మిగిలింది: వాడు తాళ్ళను చూసి ఏమీ అడగలేదు.