27 నెలలు లీజు వ్యాన్, నాలుగేళ్లు సొంత వ్యాన్

నెల్లూరులో పొద్దున ఆరింటికి కొరియర్ పార్సిళ్లు ఎక్కించుకుని కోవూరు, బుచ్చి, సంగం మీదుగా ఆత్మకూరు దాకా పంచి రావడం నా పని. జీతం లేదు, పార్సిల్‌కు ఇంత అని లెక్క. 2019 నవంబరులో దిగినప్పుడు చేతిలో డబ్బు లేదు, పని నిలబడుతుందన్న ధైర్యమూ లేదు. 30,000 అడ్వాన్సు, నెలకు 15,000 బాడుగకు వ్యాన్ లీజుకు తీసుకున్నాను.

మొదటి ఏడాది లీజే నన్ను కాపాడింది. ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ట్యాక్సు ఓనరే చూసుకున్నాడు. క్లచ్ పోతే మర్నాడే వేరే బండి ఇచ్చాడు. లాక్‌డౌన్ రెండు నెలలు సగం బాడుగే తీసుకున్నాడు.

2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే తెగింది. నా రూటంతా ఏటికి అవతలే. బండి ఇంటి ముందే ఉన్నా ఆ నెల బాడుగ మొత్తం కట్టాను. ఈఎంఐ కూడా ఆగదు, నిజమే. కానీ కట్టినంత మేరకు అప్పు తీరుతుంది. మొత్తం 27 నెలల్లో బాడుగ రూపంలో నేను కట్టింది 3,90,000. బండి తిరిగిచ్చేటప్పుడు గీతలు, సొట్టలు అని అడ్వాన్సులో 11,000 కోసుకున్నారు. తీసుకున్న రోజే నాలుగు వైపులా, టైర్లు, మీటరు వీడియో తీసి ఉంచుకోండి.

2022 ఫిబ్రవరిలో చీటీ పాడి డౌన్‌పేమెంట్ కట్టి మారుతి ఈకో కార్గో వ్యాన్ కొన్నాను. ఈఎంఐ 14,700, 36 నెలలు. ఇన్సూరెన్సుకు, టైర్లకు, సర్వీసుకు నెలకు ఇంకో నాలుగు వేలు పక్కన పెట్టాలి. మొదటి ఆరు నెలలూ టెన్షనే.

అయినా సొంత బండి విలువ నాకు ర్యాక్ దగ్గర తెలిసింది. లీజు బండికి ఒక్క చిల్లు కూడా పెట్టనివ్వరు. పార్సిళ్లన్నీ కుప్పే. బుచ్చిలో మిట్టమధ్యాహ్నం వెనక డోరెత్తి, అడుగున పడిన చిన్న కవరు కోసం బస్తాలన్నీ రోడ్డు మీదికి దించేవాణ్ణి. సొంత బండి వచ్చిన వారానికే ఇనుప యాంగిల్స్‌తో రెండు పక్కలా అరలు చేయించి బోల్టులు బిగించాను. కుడి పక్క పైన కోవూరు, కింద బుచ్చి. ఎడమ పక్క పైన సంగం, కింద ఆత్మకూరు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర జారకుండా అరల ముందు పాత సైకిల్ ట్యూబు సాగదీసి కట్టాను. మధ్యాహ్నం రెండు గంటలకు అయ్యే పంపకం పన్నెండున్నరకే అయిపోతోంది. వచ్చేటప్పుడు షాపుల దగ్గర పికప్‌లు ఎత్తుకుంటున్నాను. టైర్ల ఖర్చు వాటిలోనే వస్తోంది.

2025లో అప్పు తీరింది. ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్, అంటే బండి అప్పులో ఉందన్న నమోదు, తీయించాను. చాలామంది దీన్ని వదిలేసి, బండి అమ్మేటప్పుడు తిరుగుతారు. ఇప్పుడు మీటరు 1,64,000 దాటింది. ఇంజిన్ జోలికి ఇంతవరకూ పోలేదు.

రూటు ఖాయం కానివాళ్లు లీజుకే తీసుకోండి, కానీ ఏడాదికి మించి వద్దు. నేను ఇంకో పదిహేను నెలలు ఎక్కువ లాగాను. ఆ బాడుగ డబ్బులో డౌన్‌పేమెంట్ వచ్చేది.