ఎల్క్ వేటకి తేలిక రైఫిల్ – టిక్కా సూపర్‌లైట్ రెండు సీజన్లు మోశాక

కొలరాడోలో మొదటిసారి ఎల్క్ (మన కణుజు లాంటి పెద్ద జింక) వేటకి వెళ్ళినప్పుడు నా చేతిలో ఉన్నది ఫ్రెండ్ ఇచ్చిన పాత రైఫిల్, దాని మీద లావుపాటి స్కోపు (గురి చూసే దుర్భిణి), అన్నీ కలిపి తొమ్మిదిన్నర పౌండ్లు. రేంజ్‌లో బెంచి మీద పెట్టి కాలిస్తే వెన్నలా ఉండేది, అబ్బ ఏం రైఫిల్‌రా అనుకున్నా. 11,000 అడుగుల ఎత్తులో తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి మధ్యాహ్నం దాకా ఆ బరువుతో ఎక్కాక దాన్ని లోయలోకి విసిరేద్దామా అనిపించింది, స్లింగు (రైఫిల్ తగిలించుకునే పట్టీ) భుజం మీద వాత పెట్టేసింది. ఇంటికొచ్చిన రోజు నుంచి ఇక తేలిక రైఫిళ్ళ కేటలాగులే నా భగవద్గీత. మా ఆవిడ వారం రోజులు చూసి, "ఆ తుపాకీలో అరపౌండు తగ్గించడానికి అన్ని డాలర్లెందుకండీ, మీ పొట్టలో పది పౌండ్లు ఊరికే తగ్గుతాయి కదా" అంది. మాట కరెక్టే కానీ వినే స్థితిలో లేను.

ఇప్పుడు నా దగ్గరున్నది టిక్కా టీ3ఎక్స్ సూపర్‌లైట్, స్టెయిన్‌లెస్, 6.5 క్రీడ్‌మూర్ అనే తూటాకి చేసింది. రెండు సీజన్లు మోశా, రెండొందల పైచిలుకు రౌండ్లు కాల్చా. దీని గురించి చెప్పే ముందు ఇది ఎందుకు కొన్నానో చెప్పాలి, ఎందుకంటే నేను మొదట కొందామనుకున్నది ఇది కాదు.

మొదట మనసు పడ్డది ఐదు పౌండ్ల చుట్టుపక్కల రైఫిళ్ళ మీద. వెదర్‌బీ మార్క్ ఫైవ్ బ్యాక్‌కంట్రీ టైటానియం ఉంది, టైటానియం రిసీవరు (బారెల్ వెనక తూటా ఎక్కించే భాగం), కార్బన్ స్టాకు (భుజానికి ఆనించే చట్రం), చిన్న కార్ట్రిడ్జిల్లో (తూటాల్లో) ఐదు పౌండ్లకి కాస్త తక్కువే తూగుతుంది, ధర మూడు వేల డాలర్ల పైనే. కింబర్ మౌంటెన్ అసెంట్ అయితే 308 తూటాలో 4 పౌండ్ల 13 ఔన్సులు (పదహారు ఔన్సులు ఒక పౌండు). యూటా వాళ్ళ క్రిస్టెన్సెన్ రిడ్జ్‌లైన్ ఎఫ్ఎఫ్‌టీ కార్బన్ చుట్టిన బారెల్‌తో ఐదుంపావు పైనుంచి మొదలు. ఈ అంకెలు చూస్తుంటే నోరూరుతుంది. కానీ ఇవన్నీ వట్టి రైఫిల్ బరువులు బాబూ, స్కోపు లేదు, రింగులు లేవు, స్లింగు లేదు, గుళ్ళు లేవు. పెళ్ళి ఫొటో చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. మీరు కొండ మీద మోసేది కేటలాగు బరువు కాదు.

అదృష్టం ఏంటంటే కొనేముందు ఒకటి కాల్చే అవకాశం దొరికింది. నాతో పనిచేసే ఆయన దగ్గర ఐదున్నర పౌండ్ల కస్టమ్ రైఫిల్ ఉంది, స్కోపుతో కలిపి ఆరుంముప్పావు, అదీ 300 విన్ మాగ్ అనే పెద్ద తూటాలో. చేతిలో పట్టుకుంటే బొమ్మ తుపాకీలా ఉంది, ఎంత ముద్దొచ్చిందో. మొదటి గుండు పేల్చాక ముద్దు పోయింది. రెండోదానికి కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. మూడోది ఎక్కడికి పోయిందో ఆ దేవుడికే తెలియాలి, టార్గెట్ కాగితం మీద మాత్రం లేదు. లెక్క చాలా సింపుల్, అదే గుండు అదే మందు అయితే రైఫిల్ బరువు సగమైతే వెనక్కి తన్నే శక్తి రెండింతలవుతుంది. ఇంటికొచ్చి కాగితం మీద లెక్కేస్తే ఆ తన్ను 30 ఫుట్ పౌండ్ల పైన వచ్చింది, నా ఇప్పటి టిక్కాది సుమారు 13. తేడా భుజానికి లెక్క లేకుండానే తెలుస్తుంది అనుకోండి.

తన్నుడు ఒక్కటే అయితే అలవాటు పడొచ్చేమో. అసలు గొడవ వేరే ఉంది, తేలిక రైఫిల్ కుదురుగా ఉండదు. బరువైన రైఫిల్ తన బరువుతో తనే ఒక చోట కూర్చుంటుంది, తేలికది మీ గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతుంది. ట్రిగ్గరు చూడండి, నాలుగు పౌండ్ల ట్రిగ్గరు ఐదు పౌండ్ల రైఫిల్ మీద ఉంటే మీ వేలు లాగే బలం దాదాపు రైఫిల్ బరువంత అయింది కదా, గురి పక్కకి పోక ఏమవుతుంది. అందుకే తేలిక రైఫిల్ కొనేటప్పుడు బరువు కంటే ముందు ట్రిగ్గరు చూడమంటా నేను. ఇంకోటి, సన్నటి బారెల్ తొందరగా వేడెక్కుతుంది, మూడు గుళ్ళు చక్కగా ఒకచోట పడి నాలుగూ ఐదూ ఊరి మీద పడ్డాయంటే రైఫిల్ పాడైనట్టు కాదు, దాన్ని చల్లారనివ్వాలి, అంతే. ఎల్క్ మీద పది గుళ్ళు ఎవరూ కాల్చరు, అక్కడ పనికొచ్చేది చల్లటి బారెల్ నుంచి వెళ్ళే మొదటి గుండు ఒక్కటే.

కార్బన్ బారెల్ గురించి ఒక అపోహ ఉంది, కార్బన్ అనగానే అన్నిటికంటే తేలిక అనుకుంటారు. లోపల సన్నటి స్టీలు గొట్టం, పైన కార్బన్ చుట్టు, అంతే కదా, లావుపాటి స్టీలు బారెల్‌తో పోలిస్తే తేలికే, పెన్సిల్ లాంటి సన్న స్టీలు బారెల్‌తో పోలిస్తే చాలాసార్లు కార్బన్‌దే ఎక్కువ బరువు. గట్టిదనం కోసం కొనండి, బాగుంటుంది. ఔన్సుల కోసమైతే ఆలోచించుకోండి. సావేజ్ 110 అల్ట్రాలైట్‌లో ప్రూఫ్ రీసెర్చ్ కార్బన్ బారెల్ వస్తుంది, ఆరు పౌండ్ల లోపే మొదలవుతుంది, స్టాకు పొడవు కూడా మనకి తగ్గట్టు మార్చుకోవచ్చు, దాని మీద నేను చాలా రోజులు ఊగిసలాడా.

చివరికి టిక్కా. ఫిన్లాండ్‌లో సాకో ఫ్యాక్టరీలోనే చేస్తారు. సూపర్‌లైట్ ఇంచుమించు ఆరు పౌండ్లు, ఫ్లూటెడ్ (పైన గాడులు తీసిన) బారెల్. 100 గజాల దగ్గర మూడు గుళ్ళు ఒక ఎంఓఏ లోపు పడతాయని కంపెనీ గ్యారంటీ, అంటే అంగుళం పైన కొద్దిగా. నా దాంట్లో 143 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) హార్నడీ ఈఎల్‌డీ-ఎక్స్ గుళ్ళతో ముప్పావు అంగుళం నుంచి అంగుళం మధ్య పడుతున్నాయి, నేను సరిగ్గా పట్టుకున్న రోజున. నేను పట్టుకోని రోజున రెండంగుళాలు, దానికి ఫిన్లాండ్ వాళ్ళు బాధ్యులు కారు. ట్రిగ్గరు రెండు నుంచి నాలుగు పౌండ్ల దాకా మనమే తిప్పుకోవచ్చు, నేను రెండున్నర దగ్గర పెట్టా. బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే పిడి) సంగతి మాత్రం చెప్పి తీరాలి, 70 డిగ్రీలే ఎత్తాలి, నూనె రాసిన పట్టాల మీద జారినట్టు వెళ్తుంది, చలికి వేళ్ళు కొంకర్లు పోయినా గ్లవ్స్‌తో తిప్పేయొచ్చు. సంక్రాంతి కోడిని చూసుకున్నట్టు సాయంత్రాలు ఊరికే బోల్టు ఆడిస్తూ కూర్చుంటానని ఇంట్లో కంప్లయింటు.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. టిక్కాలో చిన్న కార్ట్రిడ్జికీ పెద్దదానికీ ఒకటే పొడవు యాక్షన్ (బోల్టూ రిసీవరూ కలిసిన భాగం), కాబట్టి 6.5 క్రీడ్‌మూర్ తీసుకున్నందుకు యాక్షన్‌లో రావాల్సిన బరువు లాభం రాదు, కింబర్ లాంటివాళ్ళు అక్కడే ఔన్సులు మిగుల్చుకుంటారు. మ్యాగజైన్, ట్రిగ్గర్ గార్డు ప్లాస్టిక్కు, గట్టివే కానీ ఆ ధరలో మెటల్ కావాలనుకునేవాళ్ళకి గుచ్చుకుంటుంది. స్టాకు లోపల బోలుగా ఉంటుంది, కంపెనీ పెట్టిన ఫోమ్ ముక్క ఉన్నా కొమ్మకి తగిలితే డబ్బా చప్పుడు. నేనైతే వెనక భాగంలో ఇంకాస్త ఫోమ్ కుక్కేశా, చప్పుడు పోయింది.

స్కోపు దగ్గర మాత్రం జాగ్రత్త, చాలామంది అక్కడే మునుగుతారు. రైఫిల్‌లో పౌండు తగ్గించడానికి రెండు వేలు పోసి దాని మీద రెండు పౌండ్ల పైన తూగే టాక్టికల్ స్కోపు ఎక్కిస్తారు, ఇంకెందుకు ఆ సంబరం. నేను లూపోల్డ్ వీఎక్స్-3హెచ్‌డీ 3.5-10 పెట్టా, 13 ఔన్సులకి అటూఇటూ, టాలీ అల్యూమినియం రింగులు. స్లింగు, మూడు గుళ్ళు కలిపి మొత్తం 7 పౌండ్ల 6 ఔన్సులు వచ్చింది కిచెన్ స్కేలు మీద. (కిచెన్ స్కేలు మీద తుపాకీ పెట్టిన రోజు ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను.) మోయడానికి హాయిగా ఉండి, పడుకుని గురిపెట్టినప్పుడు కుదురుగానూ ఉండే బరువు నా వరకు ఇదే, ఏడుకీ ఏడున్నరకీ మధ్య. ఆరు కింద మోయడం సుఖం, కొట్టడం కష్టం. ఎనిమిదిన్నర దాటితే మూడో రోజుకి నడుము అడుగుతుంది.

ఇక్కడ నాకు జరిగింది చెప్పాలి. మొదట స్కోపు ఒక షాపులో బిగించమని ఇచ్చా, పేరెందుకులెండి. రేంజ్‌కి వెళ్తే గుళ్ళు జొన్నలు చల్లినట్టు పడుతున్నాయి. రైఫిల్ దండగ, డబ్బులు పోయాయి అని రెండు వారాలు కుమిలిపోయా. చివరికి ఒక పెద్దాయన చూసి స్కోపు పట్టుకుని ఊపితే కదిలింది, రింగు స్క్రూలు సగం బిగించి వదిలేశారు. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగించామో చూపించే రెంచి) ముప్పై నలభై డాలర్లకి వస్తుంది, కొనుక్కుని మీరే బిగించుకోండి, ఎంత బిగించాలో రింగుల డబ్బా మీదే రాసి ఉంటుంది.

పట్టుకునే తీరు కూడా మార్చుకోవాలి. బరువు రైఫిల్ బ్యాగు మీద పెట్టి ముందు చెయ్యి తీసేసి కాల్చేవాణ్ణి, దీంతో అలా చేస్తే ముందు భాగం ఎగిరి గుండు పైకి పోతోంది. ముందు స్టాకుని చేత్తో పట్టి బ్యాక్‌ప్యాక్ మీదకి అదమాలి, వెనక స్టాకు కింద టోపీనో గ్లవ్సో మడిచి పెట్టాలి. రోజూ రాత్రి ఖాళీ రైఫిల్‌తో, చాంబరు (తూటా కూర్చునే చోటు) రెండుసార్లు చూసుకుని, గుళ్ళు వేరే గదిలో పెట్టి, పది నిమిషాలు ట్రిగ్గరు నొక్కడం ప్రాక్టీసు చేశా, దానివల్ల వచ్చినంత లాభం ఏ ఖరీదైన సామానుతోనూ రాలేదు.

ఎల్క్‌కి 6.5 సరిపోతుందా అని అడగబోతున్నారు, తెలుసు. ఇది ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా లాంటి గొడవ, తెగదు. కొలరాడో రూలు ప్రకారం ఎల్క్‌కి కనీసం .24 క్యాలిబరు, 85 గ్రెయిన్ల వ్యాకోచించే బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్ పౌండ్ల శక్తి ఉండాలి, ఇది వాటన్నిటికీ చాలా పైన ఉంది. కానీ నా హద్దు 300 గజాలు, ప్రక్కటెముకల వెనక ఊపిరితిత్తుల మీదకి పక్క నుంచి దొరికితేనే. 200 గజాలకి జీరో చేస్తే (అంటే గురి పెట్టిన చోటే గుండు పడేలా స్కోపు సరిచేస్తే) 300 దగ్గర ఏడెనిమిది అంగుళాలు దిగుతుంది, గుర్తుపెట్టుకోవడం తేలిక. ఎదురుగా భుజం ఎముక పగలగొట్టి కొట్టాలనుకుంటే 7ఎంఎం పీఆర్‌సీ లాంటి పెద్ద తూటానో 300నో తీసుకోండి, అప్పుడు మాత్రం రైఫిల్ ఇంకో పౌండు బరువుండాలి.

వీసా మీద ఉన్న మనవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. హెచ్1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ చట్టంలో నేరం, ఫ్రెండుది అడిగి తీసుకున్నా సరే. అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, గ్రీన్‌కార్డు ఉంటే ఈ గొడవ లేదు. కొనేటప్పుడు 4473 ఫారం, బ్యాక్‌గ్రౌండ్ చెక్, కొలరాడోలో ఆ చెక్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి కనీసం మూడు రోజులు ఆగాలి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి, అంటే దాదాపు అందరికీ. ఒంటి మీద 500 చదరపు అంగుళాల ఆరెంజ్ గానీ పింక్ గానీ, తలకి కూడా అదే రంగు. మా ఆవిడ పింక్ టోపీ కొనిచ్చింది, అదే పెట్టుకు తిరుగుతున్నా.

రెండో సీజన్లో, నాలుగో రోజు పొద్దున్న, మంచు పడుతోంది. బారెల్ మూతికి ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించుకున్నా, మంచు లోపలికి పోకుండా, గుండు పేలినప్పుడు ముందొచ్చే గాలికే అది ఎగిరిపోతుంది. ఆడ ఎల్క్, మన కణుజు లాంటిదే కానీ ఇంకా నిండుగా ఉంటుంది, 240 గజాల దగ్గర పక్కకి తిరిగి నిలబడింది. ఎక్కి ఎక్కి నా ఊపిరి కొలిమి తిత్తిలా ఉంది, బ్యాక్‌ప్యాక్ మీద రైఫిల్ పెట్టి ఒక నిమిషం ఆగా, ఊపిరి దిగాక నొక్కా. నలభై గజాలు నడిచి పడిపోయింది. ఆ ఐదున్నర పౌండ్లదైతే ఆ నిమిషంలో గురి కుదిరేది కాదని నా నమ్మకం, తొమ్మిదిన్నరదైతే నాలుగో రోజుకి ఆ గట్టు దాకా వెళ్ళేవాణ్ణే కాదు. తర్వాత మాంసం కోసి కిందకి దింపడానికి ఇద్దరం రెండు రోజులు, మొత్తం నాలుగు ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పుకి యాభై అరవై పౌండ్లు వీపు మీద. ఔన్సుల ముచ్చట ఆ రెండు రోజులూ ఎవరి నోటా రాలేదు.

మొన్న మా బావమరిది ఫోన్ చేసి "బావా, నాకూ ఐదు పౌండ్లది, 300లో, ఒకటి చూసిపెట్టు" అన్నాడు. చూసిపెట్టడం ఎందుకురా, రా అని రేంజ్‌కి తీసుకెళ్ళి నా కొలీగ్‌ని బతిమాలి ఆ రైఫిల్ ఇప్పించా. మూడు గుళ్ళు కాల్చి కారెక్కాడు, దారంతా మాట్లాడలేదు. పోయిన వారం 7ఎంఎం-08 అనే చిన్న తూటాలో ఒకటి ఆర్డరు పెట్టాడు, ఏడుంపావు పౌండ్లు వస్తుందట, స్కోపుతో కలిపి.