పాడ్‌మ్యాన్: ఒక్క మెషీన్ ఉన్న షాపుకి ఇది చాలు

భీమవరంలో మా బావగారి రొయ్యల మేత షాపుకి ఖాతాల అప్లికేషన్ ఒకటి గో భాషలో రాశాను. ఏ రైతు ఎన్ని బస్తాలు అరువు తీసుకెళ్లారు, పట్టుబడి అయ్యాక ఎంత జమ కట్టారు, అంతే దాని పని. దాన్ని సోర్స్ నుంచి బిల్డ్ చేసి కంటైనర్‌లో (అప్లికేషన్‌ని, దానికి కావలసినవాటిని కలిపి విడిగా నడిపే పెట్టె లాంటిది) నడపడానికి పాడ్‌మ్యాన్ అనే టూల్ వాడుతున్నాను, చాలా నచ్చింది.

అన్నిటికన్నా నచ్చింది, రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే డీమన్ అనే ప్రోగ్రామ్ ఇందులో లేకపోవడం. మామూలు యూజర్‌తోనే బిల్డ్ చేసి, అదే యూజర్‌తో రన్ చేయొచ్చు. బిల్లులు కొట్టే మెషీన్ కూడా అదే కాబట్టి నాకు ఇది పెద్ద ధైర్యం. ఇదే పని చేసే డాకర్‌లోనూ రూట్‌లెస్ (రూట్ లేకుండా నడిపే పద్ధతి) ఉంది కానీ విడిగా సెట్ చేసుకోవాలి. పాత డాకర్‌ఫైల్ (బిల్డ్ మెట్లు రాసి ఉండే ఫైలు) ఉంటే దాదాపు అలాగే పనికొస్తుంది.

బిల్డ్‌లో ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్తాను: సోర్స్ అంతా ఒకేసారి కాపీ చేయొద్దు. ముందు లైబ్రరీల వివరాలు ఉండే గో.మాడ్, గో.సమ్ ఫైళ్లు రెండే కాపీ చేసి, లైబ్రరీలు డౌన్‌లోడ్ చేయించి, ఆ తర్వాతే మిగతా కోడ్ తెచ్చుకుంటే, మీరు ఎక్కడో ఒక లైను మార్చినప్పుడల్లా లైబ్రరీలన్నీ మళ్లీ దిగవు, ఆ మెట్టు ఫలితం (లేయర్) క్యాష్‌లోనే ఉంటుంది. తుపాను రోజుల్లో మొబైల్ హాట్‌స్పాట్ మీద బిల్డ్ చేసేవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

రెండు దశల్లో కట్టండి: ఒకదాంట్లో కంపైల్ చేసి, తయారైన ప్రోగ్రామ్‌ని మాత్రం రెండోదాంట్లో పెట్టండి. కంపైలర్ ఉన్న ఇమేజ్ (కంటైనర్‌కి మూలమైన మూస) వందల ఎంబీ ఉంటుంది, నడపడానికి వాడే ఆల్పైన్ అనే చిన్న లినక్స్ పది ఎంబీ లోపే. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ కోసం సీగోతో (గోలో సీ కోడ్ కలిపే పద్ధతి), డెబియన్ అనే లినక్స్ ఆధారిత గో ఇమేజ్‌లో కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌ని ఆల్పైన్‌లో పెడితే, ఫైలు కళ్లెదుట ఉన్నా 'నో సచ్ ఫైల్' అంటుంది. నిజానికి లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని మొదలుపెట్టే గ్లిబ్‌సీ లోడర్, ఎందుకంటే గ్లిబ్‌సీ డెబియన్ వాడే సీ లైబ్రరీ, ఆల్పైన్‌లో ఉండేది మసల్ అనే వేరే సీ లైబ్రరీ. బిల్డ్ దశకి కూడా ఆల్పైన్ గో ఇమేజే తీసుకుని జీసీసీ (సీ కంపైలర్), మసల్-డెవ్ ప్యాకేజీలు వేస్తే సరిపోతుంది. డేటాబేస్ ఫైలు మాత్రం వాల్యూమ్‌లోనే (కంటైనర్ బయట డేటా ఉంచే చోటు) ఉండాలి, కంటైనర్ తీసేస్తే లోపలిది కూడా పోతుంది.

డీమన్ లేదు కాబట్టి కరెంటు పోయి వచ్చాక కంటైనర్‌ని లేపే పని లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీకి అప్పజెప్పాలి. దానికి క్వాడ్‌లెట్ (కంటైనర్‌ని సిస్టమ్‌డీ సర్వీసుగా రాసుకునే సదుపాయం) చక్కగా ఉంటుంది, కానీ అది పాడ్‌మ్యాన్ 4.4 వెర్షన్ నుంచే. డెబియన్ 12లో వచ్చేది 4.3, ఉబుంటు 24.04లో 4.9, ఓఎస్ వేసే ముందే చూసుకోండి. ఆ యూజర్‌కి లింగర్ అనే సెట్టింగ్ కూడా ఆన్ చేయాలి, లేకపోతే ఎవరో లాగిన్ అయ్యేదాకా అప్లికేషన్ మొదలవదు. మామూలు యూజర్‌కి 1024 లోపు పోర్టులు దొరకవు, మేము 8080 వాడుతున్నాం.

నాలుగైదు కంటైనర్లని కంపోజ్ ఫైలుతో (వాటన్నిటి వివరాలు ఒకేచోట రాసే ఫైలు) నడిపే ప్రాజెక్టు మీదైతే డాకర్‌తోనే ఉండండి, ఎందుకంటే పాడ్‌మ్యాన్ కంపోజ్ కమాండ్ ఆ పనికి వేరే ప్రోగ్రామ్‌నే పిలుస్తుంది.