ఎనిమిది నెలలుగా మా ఇంట్లో స్లైమ్

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మే నెలలో మొదటి స్లైమ్ డబ్బా కొనిచ్చాను. స్లైమ్ అంటే చేత్తో సాగదీస్తూ, పిసుకుతూ ఆడుకునే జిగట ముద్ద. ఇంట్లో చేసినట్టుండే రకం, నీలి రంగు. ఇప్పటికీ దానితో ఆడుకుంటూనే ఉంది. ఆ తరువాత ఇంట్లోనే నాలుగు చేశాం, వాటిలో రెండు పాడయ్యాయి.

చేయడం కష్టమేమీ కాదు. అర కప్పు తెల్ల జిగురులో అర కప్పు నీళ్లు, కాస్త రంగు కలపాలి. కప్పు గోరువెచ్చని నీళ్లలో ఒక టీస్పూను వెలిగారం కరిగించి, ఆ నీళ్లను చెంచాతో కొద్దికొద్దిగా జిగురులో పోస్తూ తిప్పాలి. కంసాలులు నగలు అతకడానికి వాడే వెలిగారమే ఇది. జిగురులోని గొలుసుల్లాంటి పొడవాటి అణువులను ఇది ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. గిన్నెకు అంటుకున్నదంతా ఉన్నట్టుండి వదిలి, చెంచా చుట్టూ ముద్దకడుతుంది. ఆ క్షణం కోసం మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఆ ముడులు విడిపోతూ మళ్లీ పడుతూ ఉంటాయి కాబట్టే మెల్లగా లాగితే మూరెడు సాగుతుంది, గుంజితే పుటుక్కున తెగుతుంది. మడిచి నొక్కినప్పుడు లోపలి గాలిబుడగలు టపటపా పగిలే చప్పుడంటే నాకూ ఇష్టమే.

వెలిగారం పని మాత్రం పెద్దవాళ్లదే. జిగట బొమ్మల నుంచి వెలువడే బోరాన్ (వెలిగారంలో ఉండే మూలకం) కిలోకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన పెట్టింది. చేతికి గాయమున్న రోజు మా ఇంట్లో ఈ ఆట ఉండదు. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే పసివాళ్లున్న ఇంట్లో అసలు వద్దు.

పాడైన రెండింటిలో ఒకటి మూత సరిగా పెట్టకపోవడంతో రాత్రంతా ఫ్యాను గాలికి ఎండి, అంచులు అప్పడంలా అయ్యాయి. రెండోదాన్ని జంతికలు తిన్న చేతులతో పిసికింది. పది రోజులకు వాసన, ఆపైన నల్లటి బూజు చుక్కలు. బూజు కనిపిస్తే పారేయడమే. అప్పటినుంచి చేతులు కడిగి, తుడుచుకున్నాకే డబ్బా తెరుస్తుంది. ఆడేది స్టీలు పళ్లెంలోనే.

ఎండలకు స్లైమ్ జావలా జారిపోయి చేతికి అంటుకుంటుంది. రెండు మూడు చుక్కల వెలిగారం నీళ్లు వేసి పిసికితే సర్దుకుంటుంది. ఎక్కువైతే రబ్బరులా బిగుసుకుపోతుంది. చలికాలంలో బిగుసుకుంటే గోరువెచ్చని నీటి చుక్కలతో కాసేపు పిసకాలి.

ఒకసారి దుప్పటి మీద పడి అతుక్కుపోయింది. వేడినీళ్లు, సబ్బు పనిచేయలేదు. వెనిగర్ పోసి పది నిమిషాలు నాననిస్తే చాలావరకు కరిగిపోయింది. పులుపు ఆ ముడులను విప్పేస్తుంది. మిగిలింది ఉతుకులో పోయింది కానీ నీలి మరక ఇంకా ఉంది. అందుకే ఇంట్లో చేసేవాటికి రంగు బాగా తగ్గించాను.

కొన్నదానికి మెరుపు ఎక్కువ, వారం రోజులు అత్తరు వాసన మరీ ఘాటుగా వచ్చింది. సాగడంలో ఇంట్లో చేసిందే నాకు నచ్చింది. కొనేవారు మాత్రం రంగుకన్నా ముందు మూత బిగుతు చూడండి. మా నీలి డబ్బా ఇన్నాళ్లు నిలవడానికి సగం కారణం ఆ మూతే.