సేక్రెడ్ హార్ట్, న్యూయార్క్: రాజభవనాల్లో ఆడపిల్లల బడి

మాన్‌హాటన్‌లో ఫిఫ్త్ అవెన్యూ, 91వ వీధి మూలన సెంట్రల్ పార్కుకు ఎదురుగా ఉందీ క్యాథలిక్ బడి. 1881లో మొదలైంది. హాస్టల్ లేదు, ప్రీస్కూల్ నుంచి 12వ తరగతి దాకా అంతా డే స్కూలే.

అసలు ఆకర్షణ భవనాలు. బ్యాంకర్ ఓటో కాన్ కట్టించిన ఇల్లు 1918లో పూర్తయింది. రోమ్‌లోని కాన్సెలెరియా భవనం దానికి నమూనా. బడి చేతికి 1934లో వచ్చింది. పక్కనున్న బర్డెన్ ఇల్లు ఇంకా పాతది, 1905 నాటిది. అందులో మెలికలు తిరిగే పాలరాతి మెట్లు, పైన రంగుటద్దాల కప్పు చూసి తీరాలి.

అయితే ఇవి కాపురానికి కట్టినవి, తరగతులకు కాదు. గదులన్నీ ఒకే కొలతలో ఉండవు. రెండూ రక్షిత కట్టడాలు కాబట్టి బయట కిటికీ మార్చాలన్నా నగర కమిషన్ అనుమతి కావాలి. టూర్‌కి వెళ్తే బాల్‌రూమ్ దగ్గరే ఆగిపోకండి. మీ అమ్మాయి కూర్చోబోయే తరగతి గది, ల్యాబ్, లిఫ్టు చూపించమని అడగండి. ఆటల కేంద్రం ఇదే వీధిలో బాగా తూర్పున, వేరే భవనంలో ఉంది. రాకపోకలకు పట్టే సమయం కనుక్కోండి.

సబ్‌వేలో వస్తే 4, 5, 6 రైళ్లకు 86వ వీధి స్టేషన్. అక్కడి నుంచి పది నిమిషాల నడక. ఫీజుకు ఆర్థిక సాయం కావాలంటే అడ్మిషన్ దరఖాస్తుతోపాటే అడగాలి.