కొరాపుట్ ఎర్రమట్టిలో రెండు హార్డ్‌టెయిల్ ఫ్రేములు: ఏళ్ల తరబడి తొక్కాక

హార్డ్‌టెయిల్, అంటే ముందు ఫోర్కుకి తప్ప వెనక సస్పెన్షన్ లేని కొండబాటల సైకిలు, కొనాలనుకునే ప్రతివాళ్లూ నన్ను మొదట అడిగేది ఒకటే: స్టీలా, అల్యూమినియమా? ఒడిశా కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో నా దగ్గర స్టీలు ఫ్రేముంది. జయపురంలో ఉండే మా బావమరిది దగ్గర అల్యూమినియంది ఉంది. రెండూ 29 అంగుళాల చక్రాలవే, రెండూ మీడియం సైజే, రెండింటికీ 120 మిల్లీమీటర్లు కుంగే ఫోర్కే. కలిసినప్పుడల్లా సైకిళ్లు మార్చుకుని తొక్కుతుంటాం. అలా ఏళ్ల తరబడి తొక్కాక నాకు గట్టిగా అనిపించింది ఏంటంటే, లోహం సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది కోణాలు. ఆ తర్వాత, మనలాంటి ఊళ్లో పాడైతే బాగుచేయించుకునే వీలుందా లేదా అన్నది.

కంపెనీల పేర్లు రాయడం లేదు. మేం కొన్న మోడళ్లు అవే కొలతలతో ఇప్పుడు దొరకవు. పేరు అలాగే ఉంచి లోపల కొలతలు మార్చేయడం ఈ వ్యాపారంలో మామూలే. జామెట్రీ పట్టిక, అంటే ఫ్రేము కోణాలూ పొడవులూ రాసి ఉండే పట్టిక, చదవడం వస్తే ఏ ఫ్రేమునైనా మీరే అంచనా వేసుకోగలరు.

ముందు మా నేల గురించి చెప్పాలి. సెమిలిగుడ సుమారు 900 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీద ఉంది. పక్కనే దేవమాలి, 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన కొండ. పైకి తారు రోడ్డుంది. మేం ఎక్కేది రోడ్డు మీదే, దిగేది మాత్రం పశువుల బాటల్లో. నీలగిరి తోటలు, చోడి చేల గట్లు, మధ్యలో గెడ్డలు (వాగులు). ఎండాకాలంలో మట్టి ఎగిరిపోయి గులకరాళ్లు పైకి తేలతాయి, టైరు కింద గోళీలు పోసినట్టే ఉంటుంది. జూన్‌లో వానలు మొదలైతే అదే మట్టి బంకలా పట్టుకుంటుంది. ఒకే సైకిలు ఈ రెండింటికీ పనికిరావాలి.

నా ఫ్రేము హెడ్ ట్యూబ్ యాంగిల్ (ఫోర్కు దూరే ముందు గొట్టం నేలతో చేసే కోణం) 66 డిగ్రీలు, బావమరిదిది 69. కాగితం మీద మూడు డిగ్రీలే. కానీ హార్డ్‌టెయిల్‌కి వెనక సస్పెన్షన్ ఉండదు. ఫోర్కు కుంగినకొద్దీ ముందు భాగం ఒక్కటే దిగుతుంది, కోణం నిటారవుతుంది. 29 చక్రాల సైకిలుకి సుమారు 20 మిల్లీమీటర్లకు ఒక డిగ్రీ అని లెక్కేసుకోండి. మనం ఎక్కి కూర్చోగానే ఫోర్కు ఓ 30 మిల్లీమీటర్లు కుంగుతుంది, అక్కడికే డిగ్రీన్నర పోయింది. దిగుడులో ముందు బ్రేకు పట్టినప్పుడు 80 దాకా కుంగితే నాలుగు డిగ్రీలు. అంటే సరిగ్గా భయం వేసే చోట 69 కాస్తా 73 అవుతుంది. దేవమాలి దిగుతూ మోకాలెత్తు రాతి మెట్టు దగ్గర ఆ తేడా చేతులకు తెలుస్తుంది. ఆయన సైకిలు మీద ఒళ్లంతా వెనక్కి లాగి పెట్టుకోవాలి, హ్యాండిల్ లోపలికి మడుచుకుపోతున్నట్టు ఉంటుంది. నాది ఆ మెట్టు దిగి తిన్నగా పోతుంది. వెనక కూడా కుంగే ఫుల్ సస్పెన్షన్ సైకిలులో కోణం ఇంతగా మారదు. అందుకే ఆ సైకిళ్ల కోణాలు చూసి హార్డ్‌టెయిల్‌ని బేరీజు వేయకూడదు. ఇంకో మాట, కొన్ని కంపెనీలు ఫోర్కు కుంగాక ఉండే కోణాన్ని పట్టికలో రాస్తాయి. కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి.

66కి ఇబ్బందులూ ఉన్నాయి. నిటారు ఎక్కుడులో నెమ్మదిగా తొక్కుతుంటే ముందు చక్రం అటూ ఇటూ పోతుంది. చేల గట్ల మీద ఇరుకు మలుపుల్లో బావమరిది నాకంటే సులువుగా తిరుగుతాడు. మొత్తం మీద అన్ని రకాల బాటలకూ 65.5 నుంచి 67 మధ్య సరిపోతుందని నా అభిప్రాయం. 64 లాంటి ఫ్రేములు ఎప్పుడూ దిగడమే పనైనవాళ్లకి. మేం సగానికి పైగా ఎక్కుతూనే ఉంటాం.

ఆయన ఒకప్పుడు 140 ఫోర్కు వేసుకుందామనుకున్నాడు. "ఇరవై మిల్లీమీటర్లే కదా బావా" అన్నాడు. "ఆ ఇరవై వెళ్లి నీ హెడ్ ట్యూబ్ అతుకు మీద పడుతుంది" అన్నాను. ఆ ఫ్రేముకి కంపెనీ రాసిన హద్దు 120. అది దాటితే వచ్చేది ఒక్క డిగ్రీ, బదులుగా పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ పైకి లేస్తుంది, సీటు వెనక్కి వాలుతుంది, ఫ్రేము మీద వారంటీ పోతుంది. మానేశాడు.

సీటు ట్యూబ్ కోణం 74, 75 ఉంటే ఎక్కుడికి చాలు. ఫోర్కు కుంగినప్పుడు అది కూడా కాస్త నిటారవుతుంది.

వెనక టైరుకి ఎంత ఖాళీ ఉందన్నది దుకాణంలో ఎవరూ చూడరు. వానల్లో మా వైపు తొక్కేవాళ్లకి అదే ప్రాణం. బావమరిది ఫ్రేములో చైన్‌స్టేల (బాటమ్ బ్రాకెట్ నుంచి వెనక చక్రం ఇరుసు దాకా పోయే రెండు గొట్టాలు) మధ్య 2.25 అంగుళాల టైరు పడుతుంది, రెండు పక్కలా వేలు కూడా దూరదు. తోట దాటేలోపు ఎర్రమట్టి, నీలగిరి ఆకులు కలిసి బాటమ్ బ్రాకెట్ వెనక గట్టి ముద్దలా పేరుకుంటాయి, చక్రం తిరగదు. పుల్లతో గీకాలి, పది అడుగులకి మళ్లీ అంతే. టైరుకంటుకున్న గులక తిరిగి తిరిగి చైన్‌స్టే లోపలి పెయింటు మొత్తం పోయింది, కింద అల్యూమినియం మెరుస్తూ కనిపిస్తుంది. నా ఫ్రేములో 2.6 పడుతుంది, నేను 2.4 వేస్తాను. మట్టి అంటుకున్నా కిందికి రాలిపోయే చోటుంది. చైన్‌స్టే పొడవు నాది 435 మిల్లీమీటర్లు, ఆయనది 425. పొట్టిదైతే ముందు చక్రం సులువుగా లేస్తుందంటారు, నిజమే, ఎక్కుడులో మనకు అక్కర్లేనప్పుడూ లేస్తుంది.

ఇక స్టీలు మెత్తగా ఉంటుందన్న మాట. ఫ్రేము ఏదైనా నిలువుగా వంగేది మిల్లీమీటర్లలో, టైరు నొక్కుకునేది సెంటీమీటర్లలో. ట్యూబ్‌లెస్ టైర్లు వేసి, గాలి నా బరువుకి వెనక 22, ముందు 19 పీఎస్ఐ పెట్టుకుంటే ఆయన అల్యూమినియం ఫ్రేము కూడా నడుం నొప్పి తేదు. అదే ఫ్రేము 35 పీఎస్ఐలో ఎముకలు కదిలిస్తుంది. సాయంత్రం దాకా తొక్కిన రోజు స్టీలులో కాస్త హాయి తెలుస్తుందని ఒప్పుకుంటాను, కానీ దానికోసమే డబ్బు పెట్టకండి. బరువులో నాది 2.7 కిలోలు, ఆయనది 1.9. ఎక్కుడులో నాకంటే ముందుంటాడు, అందులో ఆయన వయసుకీ వాటా ఉంది.

స్టీలు తీసుకుంటే 4130 క్రోమోలీ అని రాసి ఉందో లేదో చూడండి. చవక సైకిళ్ల మీద ఉండే హై టెన్సైల్ స్టీలు వేరు, అదే బలానికి గొట్టాలు మందంగా ఉండాలి, బరువు పెరుగుతుంది.

స్టీలైతే ఊళ్లో వెల్డింగ్ పెట్టించుకోవచ్చు అనేది సగమే నిజం. మంచి ఫ్రేము గొట్టాలు చివర్లలో మందంగా, మధ్యలో మిల్లీమీటరు లోపే ఉంటాయి. గేటు గ్రిల్ చేసే ఆర్క్ వెల్డింగ్ తగిలితే చిల్లు పడుతుంది. నా ఫ్రేముకి క్యారియర్ బిగించే కన్ను విరిగితే గ్యాస్ మంటతో ఇత్తడి పోసి అతికించారు, ఇప్పటికీ గట్టిగా ఉంది. అల్యూమినియంకి అదీ కుదరదు. 6061 రకం అల్యూమినియం ఫ్రేముని వెల్డింగ్ అయ్యాక ఫ్యాక్టరీలో వేడిచేసి బలం తెప్పిస్తారు. బయట మళ్లీ కాలిస్తే అతుకు చుట్టూ ఆ బలం పోతుంది. అందుకే సైకిలు కడిగినప్పుడల్లా హెడ్ ట్యూబ్ కింది అతుకుని, సీటు ట్యూబ్ పైభాగాన్ని వేలితో తడిమి చూడమని ఆయనకి చెబుతుంటాను. పగులు మొదట వెంట్రుక గీతలా కనిపిస్తుంది.

స్టీలు అడిగే సేవ వేరు. నేను వానలకి ముందు గొట్టాల లోపల అవిసె నూనె పోసి తిప్పి ఆరబెడతాను. సీటు పోస్టు నెలకోసారి బయటకు లాగి గ్రీజు రాస్తాను, లేకపోతే అల్యూమినియం పోస్టు స్టీలు గొట్టంలో కరుచుకుపోతుంది. బాటమ్ బ్రాకెట్ కింద నీళ్లు కారే రంధ్రం మట్టితో మూసుకోకుండా చూస్తాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఫ్రేము లోహం కాదు, హ్యాంగర్, అంటే వెనక గేర్లు మార్చే డెరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క. గెడ్డలో రాయి తగిలి బావమరిది సైకిలు హ్యాంగర్ విరిగింది. అది ఆ మోడల్‌కి మాత్రమే సరిపోయే ముక్క. అమ్మిన దుకాణంలో లేదు, విశాఖలో లేదు, తెప్పిస్తామన్నవాళ్లు సీజన్ అయిపోయేదాకా తిప్పారు. అరచేతిలో పట్టే ముక్క కోసం సైకిలు గోడకి ఆని కూర్చుంది. స్రామ్ కంపెనీ 2019లో తెచ్చిన యూడీహెచ్ (యూనివర్సల్ డెరైలర్ హ్యాంగర్) చాలా కంపెనీల ఫ్రేములకి ఒకటే. కొత్త ఫ్రేముకి అది ఉందో లేదో తప్పకుండా అడగండి. బాటమ్ బ్రాకెట్ కూడా మరతో బిగించేదే తీసుకోండి. ఆయనది ప్రెస్‌ఫిట్, అంటే మర లేకుండా నొక్కి దూర్చేది, ఇసుక దూరితే ప్రతి తొక్కుకీ కిర్రుమంటుంది. నాది 73 మిల్లీమీటర్ల మర ఉన్నది. చైను వైపు ఉల్టా థ్రెడ్ అని గుర్తుంటే ఇంట్లోనే విప్పుకోవచ్చు. సీటు ట్యూబ్ లోపలి వ్యాసం 30.9 మిల్లీమీటర్లు గానీ 31.6 గానీ ఉండాలి. 27.2 అయితే, తొక్కుతూనే సీటు కిందికి దించుకునే డ్రాపర్ పోస్టుల్లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ దొరకవు.

బావమరిది ఇప్పుడు ఫ్రేము మారుస్తున్నాడు. మళ్లీ అల్యూమినియమే. ఆయన ఒంటికీ వేగానికీ అదే సరైనదని నేనూ అన్నాను. ఈసారి చూస్తున్నది 66.5 కోణం, 440 మిల్లీమీటర్ల రీచ్ (బాటమ్ బ్రాకెట్ నుంచి హెడ్ ట్యూబ్ పైకొన దాకా అడ్డంగా ఉండే దూరం), మర ఉన్న బాటమ్ బ్రాకెట్, యూడీహెచ్ ఉన్న ఫ్రేము. దానికి వెనక 148 మిల్లీమీటర్ల హబ్, 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ (ఫ్రేములోంచి దూర్చి బిగించే ఇరుసు) కావాలి. ఆయన పాత చక్రం 135 క్విక్ రిలీజ్‌ది, సరిపోదు. ఫ్రేము ఖర్చులో వెనక చక్రం కూడా ముందే కలిపి లెక్కేసుకోమన్నాను.