మైదానమా, అంపశయ్యా: ముందు ఏది చదవాలె?

కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు కలిసినప్పుడల్లా అడిగే మాట ఇది: "సార్, చదివినంక కూడా మనసును వదలని నవల ఒకటి చెప్పుండ్రి. చలం 'మైదానం' పట్టుకోవాల్నా, నవీన్ 'అంపశయ్య'నా?" రెండిటినీ బూతన్నవాళ్లున్నరు, నెత్తిన పెట్టుకున్నవాళ్లూ ఉన్నరు.

వరంగల్ వాళ్లకు 'అంపశయ్య' మీద మమకారం ఉండుడు సహజమే. నవీన్ పాలకుర్తి దగ్గరి వావిలాల మనిషి. 1969లో వచ్చిన ఆ నవలే ఆయనకు ఇంటిపేరైంది. ఉస్మానియా హాస్టల్లో రవి అనే పల్లెటూరి పిలగాని ఒక్కరోజు బతుకు అది. చేతిల పైసల్లేని బాధ, పరీక్షల గుబులు, ఆడపిల్లల మీద ఊహలు, ఏదీ దాచకుండా రాసిండు. హాస్టల్లో ఉన్నవాళ్లకు తమ గదే కనిపిస్తది. కానీ చివరికి నాకు రవి మీద జాలి మిగులుతది, అంతే. ఆ నవలతో కొట్లాడేదేం ఉండదు.

'మైదానం'తో కొట్లాట తెగదు. నాకు అదే అసలు కొలత. 1927 నాటి ఆ నవలలో బ్రాహ్మణ వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో లేచిపోతది. అప్పట్లో జనానికి మండింది దానికే. ఇవాళ ఆ సంగతికి మీ క్లాసుల ఎవరూ ఉలిక్కిపడరు. ఆ తర్వాతిది చూడుండ్రి. మొగని పెత్తనం తెంచుకొని వచ్చిన ఆమె నెల తప్పితే, ఆ బిడ్డ వద్దని అమీర్ పట్టుబడతడు. స్వేచ్ఛ కోసం వచ్చిందా, యజమానిని మార్చుకుందా? అమీర్‌ను తిడదామంటే కథ చెప్పేది రాజేశ్వరే. ఆమె ఎవరి జాలీ అడగదు, వాణ్ని ప్రేమించిన సంగతి దాచదు. మీరా అనే పిలగాడు వచ్చినంక రాజేశ్వరి మీద మనం ఇచ్చుకున్న తీర్పు మళ్లా తలకిందులైతది. ఇరవై ఏండ్లప్పుడు చదివినవాళ్లు పిల్లలు పుట్టినంక చదివితే ఇంకో నవలలెక్కనే ఉంటది.

బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది' నింపాదిగా చదవాల్సింది, తీరిక దొరికినప్పుడు చూడుండ్రి. వడ్డెర చండీదాస్ 'హిమజ్వాల' ఆ తర్వాత.

ఒక్కటే చదివే వీలుంటే 'మైదానం' తీసుకోండి. చిన్న పుస్తకం, ఒక ఆదివారం చాలు. అమ్మాయిలు, అబ్బాయిలు కలిసి చదివితే ఇంకా మంచిది. ఆ గర్భం ఘట్టం దగ్గర ఆగి ఎవరి మాట వాళ్లు చెప్పుకోండి. 'అంపశయ్య' మాత్రం సెమిస్టర్ పరీక్షలు అయినంకనే తెరవండి, రవి గుబులు అంటుకుంటే చదువు సాగదు.